మూతబాబాయ్

సముద్రంలో గ్యాస్ బావులు తవ్వే ఆ రిగ్గు మీద ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. తవ్వకాన్ని నడిపే డ్రిల్లర్ కుర్చీ ఎక్కిన కొత్తల్లోనే మూడుసార్లు బావి మూశాడు. మూడుసార్లూ అది ఉత్త భయమే అని తేలింది. అప్పటి నుంచి ఆయన మూతబాబాయ్ అయిపోయాడు. భోజనాల గదిలో ఎవరో ఒకరు ఆయన గ్లాసు మీద పళ్ళెం బోర్లించి, పొంగుతుందేమో చూసుకో బాబాయ్ అనేవారు. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు, గొంతులో అడ్డుపడిన ముద్దను నీళ్ళతో దించుకున్నట్టు.

తప్పు పూర్తిగా ఆయనది కాదు. సముద్రం అడుగున ఆ గ్యాస్ పొరను ఏళ్ళ తరబడి పీల్చి పిప్పి చేశారు. మిగిలిందేదో తోడుకోవడానికి ఇప్పుడు పక్కనే కొత్త బావి తవ్వుతున్నారు. పొరలో ఒత్తిడి చచ్చిపోయింది గానీ దాని నెత్తిన కూర్చున్న రాయికి పాత పొగరు తగ్గలేదు. అక్కడ ఇరుక్కున్న వేడి గ్యాస్‌ను అణచాలంటే రంధ్రం నిండా బరువైన బురద నింపాలి. అంత బరువు పడితే కింది పొర పగిలి ఆ బురదనే మింగేస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రెండింటి మధ్య తవ్వినవాడిని అడగాలి.

పైపు కలపడానికి బురద తోసే పంపులు ఆపగానే పగుళ్ళు మింగింది కక్కుతాయి. పైన బురద పొంగుతుంది. బావి ఊపిరి వదులుతోంది అంటారు దాన్ని. చిక్కల్లా ఏమిటంటే, గ్యాస్ ఎగదన్నినా మొదట అలాగే పొంగుతుంది. ఊపిరైతే కాసేపటికి సన్నగిల్లుతుంది, గ్యాస్ అయితే పెరుగుతుంది. అందుకే ఆ పనికి ఒకటే నియమం: ముందు మూత, తర్వాత చూపు. బావి నోటికి బిగించిన ఉక్కు మూతను వేయడానికి డ్రిల్లర్ ఎవరినీ అడగక్కర్లేదు.

మూడోసారి మాత్రం సూపర్‌వైజర్ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. మూసిన ప్రతిసారీ అడుగున ఒత్తిడి పెరిగి పగుళ్ళు ఇంకా విచ్చుకుంటాయన్నాడు, సగం రోజు నీళ్ళపాలవుతుందన్నాడు. అంతవరకూ నిజమే.

"ఇంకోసారి ఊపిరికి మూత వేశావో, కుర్చీ దిగి డెక్కు కడుక్కుందువు గాని. తగ్గేదాకా ఆగు. ఈలోపు నీ గుండె ఆగకపోతే చాలు."

గ్రీజు తుడిచే పని నుంచి ఒక్కో మెట్టే ఎక్కి ఆ కుర్చీ దాకా వచ్చినవాడు డ్రిల్లర్. తన భార్య తమ్ముణ్ణి ఆయన రిగ్గులో వేయించింది కూడా ఆ కుర్చీ చూసుకునే. బావను ఎవరైనా వెక్కిరిస్తే ఆ కుర్రాడు చొక్కా పట్టుకునేదాకా వెళ్ళేవాడు. అదొక తలవంపు. వెనకేసుకురావడానికి బావమరిది కావాల్సొచ్చిందా అని మళ్ళీ నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం పైపు కలపడానికి పంపులు ఆపారు. బురద పొంగింది. బురద ఎంత తిరిగొస్తోందో చూపే మీటరు ముల్లు ఒకచోట నిలవడం లేదు. రాతిపొడి పేరుకుంటే దానికది మామూలే. డ్రిల్లర్ చెయ్యి మూత మీట దగ్గరికి వెళ్ళింది. వెనక నుంచి ఎవరో రాగం తీస్తూ "బాబాయ్" అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. చెయ్యి వెనక్కొచ్చింది.

"ఒరేయ్, నువ్వెళ్ళి జల్లెడల గదిలో కళ్ళారా చూసి చెప్పు" అన్నాడు బావమరిదితో.

తిరిగొచ్చే బురదను వడకట్టేది ఆ గదిలోనే. కింద నుంచి గ్యాస్ వస్తే మొదట దూరేదీ ఆ గదిలోకే. ఆ సంగతి ఆయనకు తెలుసు, వాడికీ తెలుసు. వాడు రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. కాసేపటికి అక్కడి నుంచి ఫోన్ చేశాడు.

"బావా, తగ్గట్లేదు. బుడగలు వస్తున్నట్టున్నాయి."

"వస్తున్నట్టున్నాయా, వస్తున్నాయా? వీళ్ళ ముందు మళ్ళీ నన్ను నవ్వులపాలు చెయ్యకు. దగ్గరికెళ్ళి చూడు."

"సరే బావా."

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు, పక్కన పెట్టి వెళ్ళాడు. అందులోంచి కళపెళమని చప్పుడు, దాని వెనకే పెద్ద హోరు. అప్పుడు నొక్కాడు డ్రిల్లర్ మీట. మూత పట్టుకుంది. అప్పటికే పైకి వచ్చేసిన గ్యాస్ మాత్రం గదిని నింపేసింది. మాస్కులు తగిలించుకుని వెళ్ళినవాళ్ళకు వాడు జల్లెడ పక్కన బోర్లా పడి కనిపించాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు. నోటి నిండా బురద. నిప్పు అంటుకోలేదు. మిగతా అందరూ బతికారు.

సూపర్‌వైజర్ ఆయన్ని తన గదికి పిలిపించి తలుపు వేశాడు. టీ తెప్పించాడు. మొదటిసారి గారు తగిలించాడు.

"డ్రిల్లర్ గారూ, ఆగమని నేను అనలేదు, వెళ్ళమని మీరు అనలేదు. వాడే వెళ్ళాడు. మీరు మూత వేసి ఇంతమందిని కాపాడారు. పోయినవాడు ఎలాగూ రాడు, మనిద్దరం కూడా ఎందుకు పోవడం?"

డ్రిల్లర్ టీ తాగాడు. చిక్కగా, వేడిగా, బాగుంది. విచారణకు వచ్చినవాళ్ళ ముందు ఆ మాటలే అప్పజెప్పాడు. కిసుక్కుమన్నవాళ్ళూ వాడే వెళ్ళాడన్నారు, ఎవరి భయం వాళ్ళది. కుర్చీ ఆయనకే ఉంచారు.

ఇంట్లో భార్య వంటగది గడపలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆయన చెప్పులు విప్పకముందే అడిగింది.

"వాడా గదిలోకి ఎందుకెళ్ళాడండీ?"

"వాడే వెళ్ళాడు. నేను ఆగమంటూనే ఉన్నాను."

ఆ రెండో మాట సూపర్‌వైజర్ నేర్పింది కాదు.

ఆమెకు కోపం వచ్చింది, పోయినవాడి మీద. చిన్నప్పటి నుంచీ అంతే అంది. కాలవలో దిగొద్దంటే దిగేవాడట, సైకిల్ ముట్టొద్దంటే ఎక్కేవాడట. చెప్పిన మాట ఏనాడు విన్నాడు గనక అని గోడకేసి అరచెయ్యి కొట్టుకుంది. అమ్మానాన్నలకు తనే చెబుతానని, మీరు మధ్యలో మాట పడొద్దని అంది. తర్వాత లేచొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"వాణ్ణి క్షమించండి. మీరు వేయించిన ఉద్యోగంలో మీకే మచ్చ తెచ్చాడు."

"పోనీలే," అన్నాడు డ్రిల్లర్, "చిన్నవాడు."