కడిగిన ముక్కులు

ఉదయం తొమ్మిది గంటలకు ప్రయోగశాలకు వచ్చినప్పటి నుంచి ఆమె కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు. లేచి కిటికీ దాకా వెళ్ళడం, అక్కడ ఏమున్నదో చూడకుండానే మరలి రావడం, బల్ల మీది కాగితాలను ఎత్తి మళ్ళీ అక్కడే దించడం, ఇదే వరస. సాయంత్రం నాలుగు గంటలకల్లా డైరెక్టరు గారికి నివేదిక అందాలి. దాని మీద ఆమె సంతకం పడితే, మూర్ఛ వచ్చిన పిల్లలకు సూదిమందుకు బదులు ముక్కులో ఒక్క తుంపర కొట్టే పద్ధతి ఆసుపత్రి పరీక్షలకు బయలుదేరుతుంది. ఆ ఆసుపత్రిలో పిల్లల పేర్లు రాసుకోవడం అప్పుడే మొదలైంది. మొదటి పుటలోనే ఆమె అక్క కూతురి పేరు ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడేళ్ళుగా మూర్ఛలు.

పరీక్ష జరిగేది పక్క గదిలో. బొటనవేలి పొడవున్న పారదర్శకమైన దిమ్మెలు అక్కడ వరసగా ఉంటాయి. ఒక్కో దిమ్మెలో వెంట్రుకంత సన్నని కాలువలు రెండు, ఒకదాని మీద ఒకటి. నడుమ జల్లెడ వంటి పలుచని పొర. ఆ పొర మీద మనిషి ముక్కులోంచి తీసిన కణాలను నాలుగు వారాలు పెంచుతారు. పై కాలువలో గాలి ఆడుతుంది, కింది కాలువలో రక్తానికి మారుగా పోషకద్రవం పారుతుంది. కణాలకు సూక్ష్మమైన నూగు మొలిచి, గాలికి ఊగే పైరు వలె అంతా ఒకే దిక్కుకు వంగి లేస్తూ ఉంటుంది. పైన మందు చుక్క వేసి, కింద పారే ద్రవాన్ని ఐదు నిమిషాలకొకసారి పట్టి చూస్తే, ముక్కు దాటి మందు ఎంత ఒంటికి చేరిందో తెలుస్తుంది. ఈ దిమ్మెనే వీళ్ళు ముక్కు చిప్ అంటారు.

పదకొండు గంటలకు అక్క ఫోను చేసింది.

"ఏమే, సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదక్కా."

"ఇంకా ఏంటే? నిన్నే అయిపోయిందన్నావుగా! మా అత్తగారు పొద్దున్నించీ ఒకటే గోల, మీ చెల్లెలి ముక్కు చిప్ప ఏమైందీ అని."

"చిప్ప కాదక్కా, చిప్."

"ఏదో ఒకటి. ఆ చిప్ప మా చేతికిచ్చి వీధిలోకి పంపకుండా ఉంటే చాలు."

అక్క నవ్వింది. ఆమె ఫోను పెట్టేసి మళ్ళీ కిటికీ దాకా వెళ్ళి వచ్చింది.

ఆమెను నిలవనివ్వని విషయం ఒకటుంది. ఎనిమిది చిప్‌లను పరీక్షించారు. ఆరింటిలో పది నిమిషాలకే సగానికి పైగా మందు కిందికి దిగింది. రెండింటిలో పదో వంతు కూడా దిగలేదు. "ఎనిమిదింట్లో రెండు చెడటం మామూలేనమ్మా, పక్కన పెట్టెయ్యండి," అన్నారు డైరెక్టరు గారు. పక్కన పెట్టే ముందు ఆమె వాటిని సూక్ష్మదర్శిని కింద ఉంచి చూసింది. ఎక్కడా కారడం లేదు. నూగు చురుగ్గా ఆడుతున్నది. చెడిపోయిన వాటికి ఇంతటి ఆరోగ్యమేమిటి?

పన్నెండు గంటలకు ఆమె దినచర్య పుస్తకం తెరిచింది. ఆ పుస్తకం రాసేది ప్రయోగశాల సహాయకుడు. ముప్పై ఏళ్ళుగా గాజుసామాను కడిగి కడిగి, ఆయన చెయ్యి పడిన ప్రతిదీ అద్దంలా మెరుస్తుంది కనుక అందరూ ఆయనను తళతళ గారంటారు. మాట్లాడేది మామూలుగానే అయినా, పుస్తకంలో మాత్రం గ్రాంథికం తప్ప రాయడు. ఆరు చిప్‌ల ఎదుట ఆరుసార్లు గుండ్రని అక్షరాలతో ఒకే వాక్యం: "పరీక్షకు ముందు కడిగితిని." మిగిలిన రెండింటి ఎదుట ఖాళీ. ఆ రోజు ఆయన దవడపన్ను తీయించుకోవడానికి సెలవు పెట్టాడు. ఆ రెండింటినీ ఆమే స్వయంగా పరీక్షించింది.

పుస్తకం చేతబట్టుకుని పక్క గదికి నడిచింది.

"బాబాయ్, ఏం కడిగారు ఇక్కడ?"

"ఇంకేం కడుగుతానమ్మా, ముక్కులు."

"పరీక్ష రోజునా?"

"పరీక్ష రోజునే. చీమిడి ముక్కుతో ఎవరైనా పరీక్షకి పంపిస్తారా?" అని తన మాటకు తానే మురిసిపోయాడు తళతళ గారు. ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. "మీరే కదమ్మా చెప్పారు? పెద్దలెవరో చూడ్డానికి వచ్చిన రోజు, తెర మీద మసగ్గా కనపడుతోంది, ఆ జిగురు తీసెయ్యండి బాబాయ్ అన్నారు. ఆనాటి నుంచీ ఒక్కసారి మానితే ఒట్టు."

అన్నది నిజమే. ఎవరో సందర్శకుల కళ్ళకు ఇంపుగా ఉండాలని ఒక్క పూటకు అన్న మాట. దాన్ని ఆయన ఆజ్ఞగా తలదాల్చాడు, ఆమె మరచిపోయింది. మూడు రోజులకొకసారి కడగవలసిందే, కాని పరీక్ష ముందర కడగరాదు. సృష్టికర్త ముక్కులో ఆ జిగురును ఊరకే ఉంచలేదు. దుమ్ము గాని, మందు గాని, లోపలికి వచ్చినదాన్ని అది చుట్టబెడుతుంది. నూగు దాన్ని గొంతు వైపు తోసివేస్తుంది. ద్వారపాలకుణ్ణి ఇంటికి పంపేసి, అతిథి ఎంత సులువుగా లోపలికి వచ్చాడో అని వీళ్ళు మురిశారు.

"ఇంకా నాలుగు చిప్‌లు సిద్ధంగా ఉన్నాయి కదా బాబాయ్? కడక్కుండా పెడదాం."

ఆయన కడిగే గొట్టం వైపు చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకుని రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. "చెయ్యి ఊరుకోదమ్మా. మీరే వెయ్యండి."

ఆమె చుక్కలు వేసింది. ఐదు నిమిషాలు. పది. పదిహేను. ఆ గదిలో ఆరడుగుల మేర ఆమె ఎన్నిసార్లు తిరిగిందో ఆయన లెక్కపెట్టడం మానేశాడు. యంత్రం అంకెలు చూపింది: నాలుగింటిలో ఏ ఒక్కటీ పదో వంతు దాటలేదు.

"నా పొరపాటని రాయండమ్మా," అన్నాడు తళతళ గారు, నేల చూస్తూ. "వచ్చే ఏడాది దిగిపోయేవాణ్ణి. నన్నేం చేస్తారు?"

"చెప్పింది నేను బాబాయ్. మీరు కడిగినట్టు రాశారు కాబట్టే ఇవాళ దొరికింది. రాయకపోతే ఏమైపోయేవాళ్ళం!"

మూడున్నరకు ఆమె నివేదికను డైరెక్టరు గారి ముందుంచింది. ఆయన మొదటి పుట చదివి కళ్ళజోడు తీశాడు.

"నా ఆదేశం వల్లనే కడిగారు... ఏంటిది? ఇంత ముక్కుసూటిగా రాస్తే మన ముక్కే పగులుతుంది తెలుసా?"

"తెలుసు సార్."

"ఆరు బాగున్నాయి కదా! ఆ ఆరే పంపితే?"

"కడిగిన ముక్కులు సార్ అవి. కడిగిన ముక్కుతో ఏ పిల్లకి మూర్ఛ వస్తుంది?"

ఆయన కళ్ళజోడును బల్ల మీద విసురుగా పెట్టాడు. తరువాత క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, ఎర్ర సిరాతో చుట్టి ఉన్న తేదీని ఒక్క గీతతో కొట్టేశాడు. "ఆసుపత్రికి నేను చెప్తాను. మీవాళ్ళకి మీరు చెప్పుకోండి."

అదే కష్టం. ఆమె వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు నడిచి, ఐదోసారి ఫోను తీసింది. అక్కకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ నోటితోనే కదే చెప్పావు, ఇంక భయం లేదు అక్కా అని?" అన్నది అక్క. "బడికి పంపితే భయం, స్నానానికి పంపితే భయం. ఆ తుంపర బుడ్డి ఒక్కటి సంచీలో ఉంటే చాలనుకున్నా. తమాషాగా ఉందా నీకు?"

"నాదే తప్పక్కా."

"తప్పయితే ఏం చేసుకోను?" అన్నది అక్క. "మళ్ళీ ఎన్నాళ్ళు?"

"తెలీదు. జిగురుని దాటేలా మందు మార్చాలి. మొదట్నించీ చెయ్యాలి."

ఫోను పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు.

"ఆగు. జిగురుంటే మందు లోపలికి పోదన్నావు కదూ?"

"ఊఁ."

"దీనికి మూర్ఛ ఎక్కువగా ఎప్పుడొస్తుందో తెలుసా నీకు? జలుబు చేసి జ్వరం తగిలినప్పుడు. ముక్కు నిండా అదే ఉంటుంది అప్పుడు." అక్క ఆగి ఊపిరి తీసుకుంది. "అంటే నేను ఆ తుంపర కొట్టేసి, ఇంక తగ్గుతుందిలే అని దాని పక్కన కూర్చుని చూస్తూ ఉండేదాన్నా?"

ఆమె చేతిసంచిలో ఒక ఖాళీ కాగితం కోసం వెదికింది.

"నాకు కోపం తగ్గలేదు, అది వేరే సంగతి," అన్నది అక్క. "జలుబు ముక్కులు పెడతారా మీ చిప్పల్లో?"

ఆమె వరండా గోడకు కాగితం ఆనించి, నిలబడే కలం తీసింది. "జలుబు మొదటి రోజు దాని ముక్కులోంచి వచ్చేది ఎలా ఉంటుంది?"

"నీళ్ళలా. మూడో రోజుకి బంక."

"మూర్ఛ వచ్చేది మొదటి రోజా, మూడో రోజా?"

"అలా అడిగితే ఎలా చెప్పనే? ఉండు, డాక్టరు చీటీలన్నీ దాచాను. తేదీలు చూస్తాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినవచ్చాయి. ఆమె చెవిని ఫోనుకు, కలాన్ని గోడకు ఆనించి, నిలుచున్నచోటే పాదాలు మార్చుకుంటూ వేచి ఉంది.