నలభై రెండు సీసాల బరువు

మూడో అల్మరాకి వెనక చెక్క బిగించేసరికి, దోబ్రింకా మోకాళ్ళ కింద పరుచుకున్న పాత దుప్పటి నిండా పొట్టు రాలింది. అట్టపెట్టెలో విడి ముక్కలతో పాటు ఇచ్చిన వెనక చెక్క అప్పడంలా ఉంది, వేలితో నొక్కితే వంగిపోయేది. దాన్ని బాల్కనీలో పడేసి, అరంగుళం మందం ప్లైవుడ్ కోయించి తెచ్చుకుంది. చుట్టూ బెత్తెడుకొక స్క్రూ వేసింది. ప్రతి చెక్క చీలకీ జిగురు పూసింది. లోపలి మూలలన్నిటికీ ఇనుప ఎల్ పట్టీలు కొట్టింది. అయినా చెక్కని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. ఊగలేదు. ఊగలేదంటే నమ్మొచ్చా అని మళ్ళీ ఊపింది.

పెట్టెలోని కాగితంలో ఒక బొమ్మ మనిషి నవ్వుతూ అల్మరా గోడకి తగిలిస్తుంటాడు. ఆ కాగితాన్ని ఆమె పది రోజులు చదివింది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. గోడకు తగిన బోల్టులు ఇందులో లేవు, మీరే చూసుకోవాలి అని. కిందటేడు రాంగెల్ చదవనిది ఆ ఒక్క వాక్యమే.

రాంగెల్ ఆమె మరిది, భర్త దిమోకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళాం పోయాక ఒంటరిగా ఊరికి అటు చివర ఉంటాడు. కిందటేడు ఆగస్టులో తనే వచ్చి పాత అల్మరాలు తగిలించాడు. పుచ్చకాయ ముక్కలు తింటూ, ఈలవేస్తూ, రెండు గంటల్లో కానిచ్చాడు. అది బోలు ఇటుకల గోడ, అటువైపు స్నానాలగది. అందులో వేలెడు ప్లాస్టిక్ బిరడాలు దూర్చి, అల్మరాకి రెండేసి స్క్రూలు తిప్పి చేతులు దులుపుకున్నాడు. సెప్టెంబరులో ఆమె చలికాలానికి పెట్టిన సీసాలన్నీ వాటిలో సర్దింది. కాల్చిన మిరపకాయల పచ్చడి, ఊరేసిన దోసకాయలు, పాకంలో ప్లమ్ పళ్ళు, మొత్తం నలభై రెండు. ప్లెవెన్ పట్టణంలో ఈ ఎనిమిదంతస్తుల ఇళ్ళలో ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. నేలమాళిగలో పెడితే దొంగల పాలు.

పద్దెనిమిదో రోజు పొద్దున కూతురు ఇస్క్రా టీ పొడి కోసం చెయ్యి చాపింది. అల్మరా సీసాలతో సహా ఆ చేతి మీదికి ఊడిపడింది.

ఇప్పటికీ పిల్ల కుడిచేతి రెండు వేళ్ళు మడవలేదు. కుట్టుపని కార్ఖానాలో మిషను మీద కూర్చునే పిల్ల ఇప్పుడు అక్కడే చొక్కాలు మడిచి పెట్టెల్లో పెడుతోంది. అదే కార్ఖానాలో దోబ్రింకా ఇరవై తొమ్మిదేళ్ళుగా కాలర్లు ఇస్త్రీ చేస్తోంది. మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలే. తన చేతులు ఏమైనా ఆమె పట్టించుకోలేదు. పిల్ల చెయ్యి అలా కాదు కదా.

ఆసుపత్రి వరండాలో రాంగెల్ డాక్టరుతో అన్న మాట ఆమె చెవిలోనే ఉంది. "మా వదినకి మీరైనా చెప్పండి. అది అల్మరా, గోదాము కాదని." డాక్టరు నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా సీసాల మీదికి, అంటే ఆమె మీదికి, నెట్టేశాడు రాంగెల్. ఆ రోజు నుంచీ ఆమె అతని గడప తొక్కలేదు, అతని ఫోను ఎత్తలేదు. అసలు ముల్లు మాత్రం వేరే ఉంది. చేతులకి పనిలేని వేళ ఒకటే అనుమానం పొడిచేది. నిజంగా సీసాలే బరువయ్యాయేమో. కూతురి చెయ్యి విరగ్గొట్టింది తనేనేమో.

అందుకే ఈ ఏడు కూడా లెక్కగా నలభై రెండు సీసాలే పెట్టింది. అదే గోడ, అదే బరువు. నిలిస్తే తప్పు రాంగెల్‌ది. పడితే తనది.

ఇవాళ సెయింట్ దిమితర్ రోజు, ఆయన పేరు పెట్టుకున్న దిమోకి పేరు పండుగ. పేరు పండక్కి ఎవరినీ పిలవరు, గుర్తున్నవాళ్ళు వస్తారు. పిలవనప్పుడు రావద్దనడానికీ వీల్లేదు. కిందటేడు మొహం చెల్లక రాని రాంగెల్ ఈసారి వస్తానన్నాడని దిమో నసుగుతూ చెప్పాడు. రానీ అంది దోబ్రింకా. తీరిగ్గా కూర్చోబెడదామంది. సరిగ్గా అల్మరా కిందే కూర్చోబెడుతుంది. తలుపులు బార్లా తీసి సీసాలన్నీ చూపిస్తుంది. ఇస్క్రా చేత, ఆ చేత్తోనే, వైను పోయిస్తుంది. ఆ తర్వాత చుట్టాలందరి ముందూ ఒకే మాట. 'మరిదీ, నువ్వు బిగించింది నా పిల్ల మీద పడింది. ఇది ఆడది బిగించింది, భయపడకుండా తిను.' బట్టలు ఇస్త్రీ చేస్తూ ఆ మాటని ఏడాదిగా నునుపు చేసింది.

రెండు నుంచి నాలుగు దాకా ఈ భవనంలో చప్పుడు చెయ్యకూడదు, ముసలివాళ్ళు పడుకుంటారు. ఒంటిగంటకల్లా ఆమె గోడకి ఇటునుంచి అటు బెజ్జాలు తొలవడం మొదలుపెట్టింది. స్నానాలగది పలకల మీద ఎర్ర ఇటుక పొడి. దిమో అల్మరాని భుజాన మోసి పట్టుకుంటే జానెడు పొడవు బోల్టులు దూర్చి, అటువైపు అరచేతి వెడల్పు ఇనుప బిళ్ళలు వేసి నట్లు బిగించింది. ఒక్కొక్క నట్టుకీ పళ్ళు కొరుకుతూ ఆఖరి మెలిక తిప్పింది. అది నట్టు కాదు, రాంగెల్ మెడ.

"ఇక చాలే, గోడ పగులుద్ది," అన్నాడు దిమో.

"పగలనీ. లోపమేదైనా ఉంటే ఇప్పుడే తెలియాలి."

ఆఖరి బెజ్జం దగ్గర రెండు దాటి మూడు నిమిషాలైంది. పైవాళ్ళు ఇళ్ళని వెచ్చబెట్టే రేడియేటరు గొట్టం మీద గరిటెతో టంగుమనిపించారు. దిమో పైకి చూసి క్షమించమన్నట్టు దణ్ణం పెట్టాడు, వాళ్ళకి కనిపిస్తున్నట్టు.

కింద అడ్డంగా గోడకి దన్ను చెక్క వేసింది. మూడు అల్మరాలనీ ఒకదానితో ఒకటి కలిపి బిగించింది. రసమట్టంలో బుడగ మధ్యలో నిలబడింది. అప్పుడు ఇస్క్రాని వంటింట్లోంచి పంపేసింది, దిమోని గుమ్మం అవతల ఉండమంది. ఒక్కొక్క సీసా ఎక్కించింది. ఇరవయ్యో సీసా దగ్గర ఎక్కడో కిర్రుమన్నట్టు వినిపించి అల్మరాకి చెవి ఆనించింది. పక్కింటి తలుపది. నలభై రెండూ ఎక్కాక అల్మరా అంచు పట్టుకుని కాళ్ళు పైకెత్తి వేలాడింది, డెబ్భై కిలోల మనిషి. వందా లెక్కపెట్టింది. గోడ ఉలకలేదు పలకలేదు.

కిందికి దిగి, మొహం కడుక్కునే నెపంతో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. తప్పు తనది కాదు.

అయిదు నుంచి చుట్టాలు వచ్చారు. చేపల వేపుడు, మిరపకాయ పచ్చడి, వేడి రొట్టెలు. ఎవరెవరో అల్మరాలు మెచ్చుకున్నారు. ఎవరు బిగించారని అడిగితే తర్వాత చెబుతానంది. అల్మరా కింది కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆరున్నరకి దిమో ఫోను మోగింది. విని, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

రాంగెల్ తన వీధి చివర బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడట. బస్సు వచ్చింది, లేవలేదు. ఇంకో బస్సు వచ్చాక డ్రైవరు దిగి భుజం తట్టాడట, అప్పటికే ప్రాణం లేదట. ఆ కబురు ఇస్క్రాకి ఫోనులో చెప్పాడు దిమో. చుట్టాలు సగం పళ్ళేలు వదిలేసి, గొంతులు తగ్గించుకుని లేచి వెళ్ళారు.

దోబ్రింకాకి ముందు తోచింది ఏడుపు కాదు. తప్పించుకున్నాడు అనుకుంది. ఒక్క మాట వినడానికి కూడా నాకు దొరక్కుండా పోయాడు అనుకుంది. అలా అనుకున్నందుకు దేవుడు తన పిల్లకి ఏం చేస్తాడోనని వెంటనే మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. అయినా కసి చల్లారలేదు. చచ్చినవాడి మీద కసి ఎక్కడ దింపుకుంటారు?

దిమో వచ్చి, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గుడ్డసంచి బల్ల మీద పెట్టాడు. అందులో ఇంట్లో కాచిన సారా సీసా, అయిదు చేమంతులు. పండక్కి గనక బేసి లెక్క తెచ్చాడు. దోబ్రింకా చెయ్యి దానంతటది ఒక పువ్వు తీసి పక్కన పెట్టింది. పోయినవాళ్ళకి సరి లెక్క ఉండాలి.

సంచి అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ పొట్లం. దానికి పిన్ను కొట్టిన, ఇవాళ్టి తేదీ వేసిన కొట్టు రసీదు కాగితం, దాని వెనక బోల్టులు. పన్నెండు. అల్మరాకి నాలుగు చొప్పున. కిందటేడు రెండేసి పెట్టిన మనిషి.

"నువ్వు కొత్త అల్మరాలు తెచ్చావని నేనే చెప్పా," అన్నాడు దిమో. "తను బిగిస్తానన్నాడు. నువ్వు తిడితే పడతానన్నాడు."

ఆమె పొట్లం మీంచే ఒక బోల్టుని వేలితో కొలిచింది. రెండు కణుపులు. గోడ మందమే బెత్తెడు పైన.

"ఇవి కూడా పొట్టివే," అంది.

దిమో టోపీ తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. బల్ల మీద చేమంతుల తడికి కాగితం మెత్తబడుతోంది. మూతికి కొట్టిన పిన్ను ఎవరూ తియ్యలేదు, పన్నెండు బోల్టులూ ఆ పొట్లంలో ఒకదాని పక్కన ఒకటి మెరుస్తున్నాయి.