అత్తిబెలెకు విమానం లెక్క

లండన్ నుంచి దిగిన గార్మెంట్స్ ఓనరు బొమ్మనహళ్ళి ఫ్యాక్టరీ గేటుకు నోటీసు అంటించాడు: "విమానం ఎనిమిది వేల కిలోమీటర్లు పది గంటల్లో వస్తుంది. ఆ లెక్కన పాతిక కిలోమీటర్ల దూరంలోని అత్తిబెలె నుంచి రెండు నిమిషాలే. ట్రాఫిక్ సాకు చెల్లదు."

అత్తిబెలె నుంచి బస్సులో రెండు గంటలు నలిగి, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన గౌరమ్మకు సగం రోజు జీతం కోశారు.

మర్నాడు ఆమె టైముకే వచ్చి, మిషను ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమక్కా, కుట్టేది లేదా?" అన్నాడు మేనేజరు నాగరాజ్.

"ఫ్లైటుకు మూడు గంటలు ముందే వచ్చి కూర్చోవల్ల గదప్పా! కూర్చోనుండా. ఫ్లైటులో ఇచ్చే టిఫను యాడుండాది?"

వెనక నూరు మిషన్లూ ఆగిపోయాయి.

పదకొండుకు ఓనరు కోత రద్దు చేసి, నోటీసు తానే చించాడు. గౌరమ్మ మాత్రం కుట్టడం మొదలుపెట్టలేదు. టిఫిన్ ఇంకా రాలేదు.