తెర బయట అడిగిన ప్రశ్న

సంజీవరావు ఆ రాయిని ఆటోలో తిరిగి తెచ్చి, దుకాణం ముందు దించి, దాని పక్కనే చతికిలబడ్డాడు. తిట్టలేదు, అరవలేదు. అరిచి ఉంటే స్టెల్లాకు ఎంతో తేలికగా ఉండేది.

మార్కాపురంలో ఆదిశేషుది సమాధి రాళ్ళు చెక్కించే దుకాణం. ముందు గదిలో కంప్యూటరు, వెనక షెడ్డులో చెక్కే మిషను. ఆ మిషనుకు పేర్లు పంపే ప్రోగ్రాము రాసింది స్టెల్లాయే. పొద్దున ఆదిశేషు ఫోను చేసి రమ్మంటే లాప్‌టాప్ సంచీలో వేసుకుని పరుగున వచ్చింది.

నల్లటి పలకరాతి మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ‘ప్రభువునందు నిద్రించిన కోటమ్మ.’

“కోటమ్మ అనేది ఆధార్ కార్డులో పేరు సార్,” అన్నాడు సంజీవరావు. “నేను కాపురం చేసింది యేసుమణితో. నలభై ఏండ్లు అట్లనే పిలిచినా. ఇప్పుడు ఈ రాయి కాడికి పోయి ఎవరి కోసరం ఏడ్చాల?”

ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఇవాళ శుక్రవారం.

కార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉండటం ఈ పక్క ఊళ్ళలో వింతేమీ కాదు. స్టెల్లా నాయనమ్మకూ రెండు పేర్లు. అందుకే ఆమె ప్రోగ్రాములో రెండు గళ్ళు పెట్టింది. మరణ ధ్రువపత్రంతో సరిచూసుకోవడానికి కార్డు పేరు, దాని కింద పిలిచే పేరు. రెండూ నింపి ‘చెక్కు’ అన్న మీట నొక్కగానే ఒక చిన్న బాక్సు తెరుచుకుని, ‘రాతి మీద కార్డు పేరేనా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న పెట్టినందుకు తనను తాను మెచ్చుకుంది కూడా. ఊరి సంగతి తెలిసిన మనిషి రాసిన ప్రోగ్రాము ఇలా ఉంటుంది అనుకుంది.

“కంప్యూటరు నన్నేమీ అడగలేదు సార్. దేవుడి తోడు,” అన్నాడు కరుణాకరం.

కరుణాకరం పాతికేళ్ళు ఉలితో చేత్తో చెక్కిన మనిషి. వేళ్ళు వణకడం మొదలయ్యాక ఆదిశేషు ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. షెడ్డులో చెక్కిన రాయి గోనెపట్టా చుట్టుకుని అటునుంచి అటే ఆటో ఎక్కుతుంది. ఆయన కంట పడేది తెర మీది పేరే.

“ఏందమ్మా, అడగలేదంటాడే?” ఆదిశేషు స్టెల్లా వైపు తిరిగాడు.

“నా లాప్‌టాప్‌లో పదిసార్లు చూసినా సార్. పదిసార్లూ అడిగింది. చిట్టాలో కూడా ‘అవును’ అని నొక్కినట్టే ఉంది.”

ఎవరు ఏ మీట ఎప్పుడు నొక్కారో ప్రోగ్రాము రాసిపెట్టుకునే చిట్టా అది. మనిషి దేవుడి మీద ఒట్టేసినా, చిట్టా మాటకున్న విలువ ఆయన మాటకు ఎక్కడిది?

“రేపట్నుంచి రావాకు కరుణాకరం,” అన్నాడు ఆదిశేషు. “చచ్చిపోయినోళ్ళ పేర్లతో ఆటలాడేది కాదు ఈ పని.”

ఆయన స్టెల్లా వైపు ఒక్కసారి చూసి, సద్ది క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

కొత్త రాయికి పేరు ఎక్కించడానికి ఆయన కుర్చీలో స్టెల్లా కూర్చుంది. రెండు పేర్లూ కొట్టి, ‘చెక్కు’ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. టంగుమని ఒక చప్పుడు, అంతే. తెర మీద ఏది నొక్కినా కదలదు.

బాక్సు తెరుచుకునే ఉంది. జవాబు చెప్పేదాకా దేన్నీ కదలనివ్వక ఎక్కడో కూర్చుని అడుగుతూనే ఉంది.

కనబడని బాక్సును మీటలతోనే జరపడానికి ఆల్ట్ స్పేస్ నొక్కి, ఎం నొక్కి, ఎడమ బాణం మీట మీద వేలు ఆనించి ఉంచింది. కుడి అంచు వెనక నుంచి బాక్సు మెల్లగా తెర మీదికి వచ్చింది. ‘రాతి మీద కార్డు పేరేనా?’

“సార్, ఇక్కడ రెండో మానిటరు ఉండాల గదా?”

“అదా? పోయిన నెల సీసీ కెమెరాకు పెట్టించినా. ఏం?”

మొదట్లో ఆ బాక్సు నడిమధ్యన తెరుచుకుని పేర్లకు అడ్డం వచ్చేది. కరుణాకరం దాన్ని పక్క మానిటరులోకి లాక్కునేవాడు. రోజూ లాగే పని ఎందుకని, చివరిసారి ఎక్కడుంటే అక్కడే తెరుచుకునేట్టు స్టెల్లా రాసింది. ఆ చోటు ఇంకా ఉందో లేదో చూసుకోమని మాత్రం రాయలేదు. మానిటరు పోయినా బాక్సు పాత చోటికే పోయి తెరుచుకుంటోంది. లాప్‌టాప్‌కు ఆ పాత చోటు తెలియదు కాబట్టి అక్కడ చక్కగా కనబడింది.

అంతటితో పోలేదు. పోయిన నెలలో కరుణాకరం చేసిన ఒక ఫోను గుర్తొచ్చింది. “స్టెల్లమ్మా, చెక్కు నొక్కితే బిగుసుకుపోతాంది.” తను ఇంకేదో పనిలో ఉండి, “ఎంటర్ కొట్టు చిన్నాయనా, పోతాది,” అని పెట్టేసింది. ఎంటర్ అంటే ‘అవును’. కొట్టమని తను చెప్పిన సంగతి చిట్టాలో లేదు.

లేచి వచ్చి, సంజీవరావు ముందు నిలబడింది.

“తప్పు నాది పెదనాయనా. కరుణాకరం చిన్నాయనకు అది కనపడనే లేదు. ఎంటర్ కొట్టమన్నది నేనే.”

“ఆదివారానికి యేసుమణి అని వస్తే చాలు తల్లీ,” అన్నాడు సంజీవరావు. ఆమె లోపలికి పోయి ‘కాదు’ నొక్కింది. షెడ్డులో మిషను మొదలైంది.

కరుణాకరం ఇల్లు రెండు వీధుల అవతలే. స్టెల్లా గుమ్మంలోనే నిలబడి, ఎక్కడా ఆగకుండా అంతా చెప్పేసింది. ఆదిశేషు రమ్మంటున్నాడని చెప్పింది. క్షమించమంది.

ఆయన మొహంలో ఆమె ఎదురుచూసిన తేలిక కనబడలేదు.

“అయితే అది అడిగిందన్నమాట,” అన్నాడు. “మానిటరు పోయినప్పట్నుంచి ఎన్ని రాళ్ళకు అడిగిందమ్మా ఇట్ల?”

ఆ ఆలోచనే ఆమెకు రాలేదు. అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌లో చిట్టా తెరిచింది. పంతొమ్మిది రాళ్ళు. పంతొమ్మిది ‘అవును’లు. రెండు పేర్లున్నవాళ్ళు ఏడుగురు.

“ఒక్క సంజీవరావు పెదనాయన తప్ప వాళ్ళెవరూ తిరిగి తేలేదు గదా చిన్నాయనా,” అంది. తన గొంతు తనకే నచ్చలేదు.

“చదవనొచ్చినోళ్ళు ఉంటే గదమ్మా తెచ్చేది.”

తర్లుపాడులోనో, బేస్తవారిపేటలోనో ఎవరో ఆ రాతి మీద చెయ్యి వేసి, తమ మనిషిదే అనుకుని ఏడుస్తూ ఉంటారు.

“వాళ్ళ పేర్లు చదువు. పోయి చెప్పి రావాల,” అన్నాడు ఆయన. ఆమె మొదటి పేరు చదివింది. ఆయన చెప్పులేసుకున్నాడు.