మాడిన అడవిలో గాలి

గాలి లేస్తే కాలిన అడవిలో ఉండకూడదని లోరీన్‌కి తెలుసు. అమెరికాలోని ఐడహో కొండల్లో నిరుటి మంటలకు మాడి, నిలువునా చచ్చిన పైన్ చెట్లవి. ఏది ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. పైన మోడులు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి.

భర్త డెల్మర్ మాత్రం కదలడం లేదు. ఎక్కువగా కాలిన అడవుల్లోనే కనిపించే నల్లవీపు వడ్రంగి పిట్టను చూడాలని పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. పిట్టల పిచ్చి ఉన్నవాళ్లందరూ చేసేదే అతనూ చేశాడు. ఆ పిట్ట మాను మీద ముక్కుతో వాయించే చప్పుడును ఫోనులో వినిపించాడు. మరో మగపిట్ట తన చోటికి వచ్చిందనుకుని అక్కడి మగపిట్ట దూసుకొచ్చింది. చూశాడు, మురిశాడు, ఆ మురిపెంలో మళ్లీ మళ్లీ వినిపించాడు. ఆ తర్వాతే పక్క చెట్టు తొర్రలోంచి పిల్లల కిచకిచలు వినబడ్డాయి. తల్లి జాడ లేదు. మేత పెట్టాల్సిన తండ్రేమో లేని శత్రువు కోసం చెట్టు చెట్టుకీ తిరుగుతోంది.

"అది మేత పెట్టేదాకా నేను రాను," అన్నాడు డెల్మర్.

"నీ మీద చెట్టు పడితే నీకెవరు పెడతారయ్యా మేత?"

"నువ్వుండగా ఆ లోటేముంది."

"వేళాకోళాలొద్దు. పద."

"నా సరదాకి వాటి నోటికాడ కూడు తీశాను లోరీన్. ఎలా రమ్మంటావు?"

ఆమె లోలోపల ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఎవరిని కాపాడమనాలి? ఈయన్నా, ఆ పిల్లల్నా? రెండూ ఒక్కసారే అడిగితే దేవుడు విసుక్కుంటాడా?

పిట్ట ముక్కున పురుగుతో ఎదుటి మోడు మీద వాలింది. తొర్ర వైపు రాలేదు. వాళ్లనే చూస్తూ కూర్చుంది.

"చూశావా," అంది లోరీన్ మెల్లగా. "ఇప్పుడది బెదిరేది నీ ఫోనుకి కాదు, మనకి. మనం ఇక్కడున్నంతసేపూ తొర్ర దగ్గరికి రాదు."

"మరి పెట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

అతను సంచి భుజాన వేసుకున్నాడు.

మలుపు దాటారో లేదో, వెనక ఒక చెట్టు పెళపెళమని కూలింది. కాళ్ల కింద నేల అదిరింది. డెల్మర్ గిరుక్కున తిరిగాడు.

"ఆ చెట్టేనా?"

లోరీన్ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఏమో. నడు."

"ఒక్కసారి చూసొస్తానే."

"నువ్వెళ్తే అది మళ్లీ ఎగిరిపోతుంది."

అతను చేయి విడిపించుకోలేదు. తల మాత్రం వెనక్కే తిప్పుకుని, ఆమె లాగినకొద్దీ నడిచాడు.