బరువులెత్తలేదు

దూలయ్య మంచం మీదికి వంగి, భార్య రెండు చంకల కింద చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి పైకి లేపాడు. కుడి భుజంలో టక్కుమని చప్పుడైంది. పక్షవాతం వచ్చిన ఈ రెండేళ్లలో నాంచారమ్మకు తెల్లవారడమంటే ఇదే.

"ఏందయ్యా ఆ సప్పుడు?"

"గాలికి రేకు కొట్టుకుంటుంది."

ఆమె నమ్మలేదు. అబద్ధమాడటం కూడా సరిగా చేతకాని మనిషి ఆయన. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాడు. మోసి మోసి భుజం కీలు అరిగిపోతే, మూడేళ్ల కిందట ఖమ్మం దవాఖానాలో కొత్తది వేశారు. ఇప్పుడు అదీ మొరాయిస్తోంది.

ఆమెకు గంజి తాగించి, కాస్త చూస్తుండమని పొరుగింటి పుల్లమ్మకు చెప్పి, చండ్రుగొండలో ఖమ్మం బస్సెక్కాడు.

ఎక్స్‌రే చూసి డాక్టరు పెదవి విరిచాడు. ఎముకకు అతికించింది ప్లాస్టిక్ గిన్నె, అందులో తిరిగేది లోహపు గుండు. బరువు పడ్డప్పుడల్లా గుండు ఒక అంచును నొక్కుతుంటే రెండో అంచు పైకి లేచి, చివరికి గిన్నె వదులైపోయిందట. దూలయ్యకు వెంటనే అర్థమైంది. బరువు నడిమధ్యన పడని దుంగ ఎన్నాళ్లు నిలుస్తుంది!

"బరువులేమన్నా లేపినవా పెద్దాయనా?"

"లేదు సారూ. నీళ్ల బకీటు గూడ ఎడమ చేతితోనే."

నాంచారమ్మను బరువుల్లో లెక్కవేయాలని ఆయనకు తట్టనే లేదు.

"మళ్ల ఆపరేషన్ చెయ్యాలె. ఆర్నెల్లు ఆ చేతితోని ఏం లేపొద్దు."

అప్పుడు తట్టింది.

"మా ఇంటామె నా చేతుల మీదనే లేస్తది సారూ. ఇప్పుడు గాదు," అని ఫైలు తీసుకుని లేచాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మధ్యాహ్నం కునుకు తీసిన నాంచారమ్మ మళ్లీ కళ్లు తెరవలేదు. దూలయ్య మంచం పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రేపు పొద్దున ఈ చేతులకు పనేముంది?

"నీకు చెప్పొద్దన్నదే అన్నా," అంటూ పుల్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నీ భుజం పాడైతుందని, సొంతంగ లేశేటందుకు నెల సంది తిప్పలపడ్డది. నువ్వు బయటికి పోంగనే నాతోని కట్టిచ్చేది. నువ్వొచ్చే యాళ్లకు ఇప్పిచ్చేది. ఇయ్యాల ఒక్కతే లేసి కూసున్నదన్నా. ఎంత నవ్విందో!"

ఆయన అప్పుడు చూశాడు. మంచం కాళ్లవైపు పట్టెకు ఒక పాత నీలం చీర పురిపెట్టి కట్టి ఉంది. ఒంటిచేతికి పట్టు దొరికేలా దానికి జానెడుకొక ముడి వేసి ఉంది. ఆ ముడులన్నీ ఆమె పట్టుకుని పట్టుకుని మాసిపోయి ఉన్నాయి.