గుడ్ మార్నింగ్ తర్వాతి మాట

దోసకాయ కూర టిఫిన్‌లో సర్దుతున్నాను. రెండు చేతులకూ నూనె. గట్టు మీద ఫోన్ మోగింది. బొగ్గుగనిలో మొదటి షిఫ్టుకు తయారై నిలబడ్డ మా ఆయన అంజి ఫోన్ అందుకుని చూశాడు.

"గుడ్ మార్నింగ్ డియర్. హౌ ఆర్ యూ టుడే," కూడబలుక్కుని చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎవడే వీడు? డియర్ అంటే ఏంది?"

"మా బడి కరస్పాండెంట్, రఘుపతి సార్. ఇంగ్లిషుల అట్ల అంటరు బావా. లెటర్ల డియర్ సర్ అని రాయరా?"

"ఇప్పుడు నీకు లెటర్ రాస్తున్నడా?"

నేను టిఫిన్ మూత నొక్కి పెట్టాను. గోడవారగా కూర్చుని చాయ్ తాగుతున్న అత్తమ్మ సారవ్వ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు నవ్వుకుంట మాట్లాడితేనే వాడు గట్ల రాసిండు. ఊకెనే రాస్తడా?" అంది. అంజి టిఫిన్ సంచి చేతిలోంచి లాక్కున్నట్టు తీసుకున్నాడు. "పరీక్షలు కాంగనే బడికి పోవుడు బంద్ జెయ్యి. నా జీతం సాలదా మనకు?" బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

నేనెందుకు సంజాయిషీ చెప్పాను? రాసినవాడు అతను. వాడి తరపున వ్యాకరణం వెతికి మొగుడికి అప్పజెప్పింది నేను. అంట్లు తోముతూ అదే ఆలోచన. ఆ బడిలో చేరిన కొత్తలో అతని మెసేజ్ 'గుడ్ మార్నింగ్ మేడం' అని వచ్చేది. స్టాఫ్ అందరికీ వస్తుంది కాబోలు అనుకున్నాను. దసరా సెలవుల తర్వాత మేడం పోయి 'గుడ్ మార్నింగ్ సంతోషి' అయింది. చలికాలానికి గుడ్ మార్నింగ్ కూడా పోయి 'హాయ్ సంతోషి' మిగిలింది. ఇప్పుడు గుడ్ మార్నింగ్ తిరిగొచ్చింది గానీ నా పేరు పోయింది. తెలుగులో అయితే 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగిన రోజే పట్టుకునేదాన్ని. ఇంగ్లిషులో పెద్దకీ చిన్నకీ, దూరానికీ దగ్గరకీ 'యూ' ఒక్కటే. మనిషి ఎంత దగ్గరికి జరిగాడో అందులో కనపడదు. ఒక్కో మాటా విడిగా తీసి చూస్తే ఏదీ తప్పు కాదు. ఎవరికి చూపించి ఏమని చెప్పను? జవాబివ్వని రోజున స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, "మేడం గారికి మ్యానర్స్ తగ్గినయ్" అంటాడు అందరూ వినేలా. ఇచ్చిన రోజున ఇంకో మెసేజ్ వస్తుంది. 'ఫైన్ సర్, థాంక్యూ' అని పెట్టి, 'అండ్ యూ?' అనే మాట వదిలేయడం మొదలుపెట్టాను. బాగోగులు తిరిగి అడక్కపోతే సంభాషణ అక్కడితో తెగుతుందని ఆశ. తెగలేదు. ఇంట్లో ఫోన్ చప్పుడు తగ్గించి పెట్టుకునేదాన్ని. తప్పు చేస్తున్నదానిలా. ఆ రోజు మరిచిపోయాను.

ఆ పూట మూడో తరగతికి పలకరింపుల పాఠం. పిల్లల నాన్నల్లో సగం మంది బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లే, కాబట్టి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. "మీ డాడీ సెకండ్ షిఫ్టు చేసి రాత్రి ఇంటికొస్తాడు. ఎదురుపోయి గుడ్ నైట్ డాడీ అంటారా?" అనడిగాను. సగం మంది అంటామన్నారు. "అనొద్దు. ఎంత రాత్రయినా సరే, ఎదురైనప్పుడు గుడ్ ఈవినింగ్. గుడ్ నైట్ విడిపోయేటప్పుడు చెప్పేది. ఇక పోతున్నాను, పడుకుంటున్నాను అని."

గంట కొట్టాక బయటికి వస్తే వరండాలో డెబోరా నిలబడి ఉంది. జైపూర్ మండలం పల్లె పిల్ల. ఈ ఏడాదే మా బడిలో టీచరుగా చేరింది, టౌన్‌లో గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. కిటికీలోంచి నా పాఠం విన్నట్టుంది.

"అక్కా, మరి ఎవరన్న గుడ్ నైట్‌తోనే మాట షురూ జేస్తే?" అంది.

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాను. ఫోన్ తీసి చూపించింది. 'గుడ్ నైట్ డియర్. పడుకున్నావా?' కింద ఇంకోటి. 'సైలెంట్ ఎందుకు? రూంలో ఒక్కదానివేనా?' పైన పేరు రఘుపతి సార్.

"నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసుల పెట్టుకున్నడక్కా. మా అమ్మకు చెప్తే ఇంటికి రమ్మంటది. రాత్రి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుంటున్న." ఏడవడం లేదు. ఇన్నాళ్లూ నాకు వేలుపెట్టి చూపడానికి దొరకని తప్పు ఆ చిన్న తెర మీద ఉంది. వెళ్లిపోయేటప్పుడు చెప్పే మాటతో తలుపు తడుతున్నాడు వాడు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

శనివారం బడి వదిలాక టీచర్లందరికీ స్పోకెన్ ఇంగ్లిష్ ట్రైనింగ్ అన్నారు. రఘుపతి సార్ తనే చెప్పాడు. "భాష మారిపోతోంది. హౌ డు యూ డు చచ్చిపోయింది. ఐ యామ్ ఫైన్ అని ఎవరూ అనట్లేదు, అయామ్ గుడ్ అనండి. గుడ్ మార్నింగ్ సర్ అని నిటారుగా నిలబడితే పేరెంట్స్ నవ్వుతారు. కొంచెం వార్మ్‌గా ఉండాలి." ముందు వరసలో అందరికంటే సీనియర్ సుగుణమణి మేడం తలవంచుకుని చున్నీ అంచు మడతపెడుతోంది. చివరి కుర్చీలో డెబోరా. అతని చూపు నా మీద ఆగింది. "సంతోషి, ఇట్లా రండి. డెమో చేద్దాం." లేచి వెళ్లాను. "హాయ్ డియర్, హౌ ఆర్ యూ?" అన్నాడు చేయి చాచి. వెనకాల మగ టీచర్లు ఇద్దరు నవ్వారు.

చేయి కలపకుండా రెండు చేతులూ జోడించాను. "సర్, డియర్ వద్దు. మేడం అనండి."

"అదే చెప్తున్నా. ఇంగ్లిష్ టీచరై ఉండి ఇంకా పాత కాలంలో ఉన్నారు. డియర్ అంటే ఇప్పుడు ఏం లేదు, జస్ట్ పలకరింపు."

"సరే సర్. ఇంకో డౌట్. రాత్రి అందరూ పడుకున్నాక ఒక మగమనిషి, తన కింద పనిచేసే అమ్మాయికి గుడ్ నైట్ అని మెసేజ్ మొదలుపెడితే, అది పాత ఇంగ్లిషా, కొత్త ఇంగ్లిషా?"

నవ్విన ఇద్దరూ నేల చూస్తున్నారు. "దిసీజ్ నాట్ ద ప్లేస్," అన్నాడతను. ఆ గొంతులో ఇప్పటిదాకా ఉన్న వార్మ్‌త్ లేదు. నేను ఫోన్ తీశాను. ఇంకెవరికి వచ్చిందో నేను చెప్పదలచుకోలేదు, అది వాళ్లిష్టం. నాకు వచ్చినవి మాత్రం మొదటినుంచీ చదివాను. గుడ్ మార్నింగ్ మేడం. గుడ్ మార్నింగ్ సంతోషి. హాయ్ సంతోషి. ఆ నీలం చీర సూట్స్ యూ. గుడ్ మార్నింగ్ డియర్. హస్బెండ్ నైట్ షిఫ్టా? విడివిడిగా చదువుకున్నప్పుడు దొరకని అర్థం, వరసగా చదువుతుంటే గదంతా నిండింది.

"ఇక చాలు. మండే నుంచి రానవసరం లేదు," అన్నాడు.

సుగుణమణి మేడం లేచింది. మెల్లగా, కుర్చీ పట్టుకుని. "నాకు ఫోన్‌ల రాలేదు సంతోషీ. ఏండ్ల కింద సంగతి, అప్పుడు నా దగ్గర ఫోన్ లేదు. ఈయన నోటితోనే అనేటోడు. నేను ఇంటికి పోయి ప్రార్థన చేసుకునేదాన్ని," అంది. అంతవరకే చెప్పగలిగింది. చివరి వరసలో డెబోరా కూడా లేచింది. ఫోన్‌ను గుండెకు ఆనించుకుని నిలబడింది. అతను ముందుగా గదిలోంచి వెళ్లిపోయాడు.

ముగ్గురం బడి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఇట్లాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి జిల్లాకో కమిటీ ఉంటుందని సుగుణమణి మేడం చర్చిలో ఎవరో చెప్పగా విన్నదట. సోమవారం పెద్దపల్లి కలెక్టరాఫీసుకు పోదామనుకున్నాం.

ఇంటికెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను. "నేను ముందే బంద్ జెయ్యమన్న. ఇప్పుడు వాడే జేసిండు. అయిపోయింది గద," అన్నాడు అంజి. ఆ మెసేజ్‌లు చదివి వినిపిస్తానంటే వద్దన్నాడు. "గంత మందిల చదువుతవా? రేపు బాయి కాడ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలె?" రాత్రంతా గోడవైపు తిరిగే పడుకున్నాడు. నాకు నిద్ర రాలేదు. ఇద్దరు మగవాళ్లు. ఒకడు డియర్ అంటాడు, ఒకడు ఏందే అంటాడు. ఇద్దరూ నన్ను నోరు మూసుకోమనే అంటున్నారు. కాకపోతే ఇతని పక్కన నేను పన్నెండేళ్లుగా పడుకుంటున్నాను. ఇతని మీదే నాకు ఎక్కువ దుఃఖం వచ్చింది.

సోమవారం అంజిది రెండో షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. నేను చీర కట్టుకుని బ్యాగు సర్దుకుంటుండగా బుచ్చన్న కాక వచ్చాడు. అంజికి చిన్నాన్న వరస, బాయిలో రిటైరై వాడకట్టులో పంచాయతీలు చెప్పే మనిషి.

"రఘుపతి సార్ నిన్న మా ఇంటికొచ్చిండు బిడ్డా. తప్పయిందంటున్నడు. నీ నౌకరి నీకిస్తనన్నడు. అంజీ, అంగీ తొడుక్కో. మగోళ్లం కూసోని పంచాయతీ తెంపుకొని వద్దం. ఊకె ఆగం జేసుకునుడెందుకు?"

అంజి మొహం తేరుకుంది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నా వైపు సూటిగా చూశాడు. "ఇన్నవా? నేను పోయి మాట్లాడత. నువ్వు బ్యాగు లోపల పెట్టు," అంటూ కొక్కేనికి ఉన్న అంగీ తీసుకున్నాడు.

"నేను పెద్దపల్లికి పోతున్న. బస్టాండుల వాళ్లిద్దరు చూస్తుంటరు," అన్నాను.

అతను అంగీ గుండీలు సగం పెట్టి దర్వాజకు అడ్డం వచ్చాడు. "పెద్దమనిషి ఇంటికొచ్చి చెప్తుంటే ఇంటలేవా? గడప దాటి చూడు, మళ్ల..."

నా గొంతు స్థిమితంగా బయటికి రావడం నాకే వింతగా ఉంది. అంజితో కాదు, ముందు బుచ్చన్న కాకతో అన్నాను.

"వాడు అన్నది మా ముగ్గురాడోళ్లను కాకా. మీ ఇద్దరిని ఒక్క మాటన్న అన్నడా? మరి కూసోని మీరేం తెంపుకుంటరు?"

కాక కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"జరుగు బావా," అన్నాను.

అంజి ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. జరిగాడు.